లోపలి హ్యాండిల్

పోయిన నెలలో కొత్త వ్యాన్ ఒకటి చూపిస్తానని ఒక సేల్స్‌మన్ మా ఆఫీసుకు వచ్చాడు. గురుగ్రామ్‌లో మా కంపెనీ ఉద్యోగులను ఇళ్ల దగ్గర ఎక్కించుకొచ్చి, మళ్లీ దింపే బండ్ల వ్యవహారం పదకొండేళ్లుగా నేనే చూస్తున్నాను. బేస్‌మెంట్‌లో పట్టనంత ఎత్తు బండి కావడంతో గేటు బయటే నిలబెట్టాడు. లోపల ఆరడుగుల మనిషి తల వంచకుండా నడవొచ్చన్నాడు. పక్క తలుపు జరిపితే కింది మెట్టు దానంతట అదే బయటికొచ్చింది. ప్రతి సీటుకూ వేరే ఏసీ గాలి, భుజం మీదుగా వచ్చే బెల్టు, ఫోన్ చార్జింగ్, వెనక కెమెరా. అన్నీ అయ్యాక, అసలు సంగతి ఇదన్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈ సీట్లన్నీ పట్టాల మీద ఉంటాయి మేడమ్. అరగంటలో తీసేస్తే సామాన్ల బండి. మళ్లీ బిగిస్తే మనుషుల బండి."

నేను ఎక్కి చివరి వరసలో కూర్చున్నాను. తలుపులన్నీ వేసెయ్యమన్నాను.

"ఏసీ చూస్తారా మేడమ్?"

"కాదు. వేసెయ్యండి."

వేశాడు. కళ్లు మూసుకుని, చేతులతో వెతుక్కుంటూ వెనక తలుపు తీసుకుని దిగాను. అతను నన్ను వింతగా చూశాడు. ఎవరైనా అలాగే చూస్తారు. ఆ పని నాకు నేర్పిన మనిషి పోయిన చలికాలంలో చనిపోయారు. ఆయన చేస్తున్నప్పుడు నేనూ అలాగే చూశాను.

గురుగ్రామ్ దాటాక, కొత్త అపార్ట్‌మెంట్ల వెనక ఉండేది ఆయన వర్క్‌షాప్. కంపెనీ నుంచి ఖాళీ డబ్బాలా వచ్చిన వ్యాన్‌కు లోపలి పనంతా అక్కడ జరిగేది. సీట్లు, నేల, పై కప్పుకు గుడ్డ, లైట్లు. ఒకే రకం బండి ఆయన చేతిలో స్కూలు బండి అయ్యేది, అంబులెన్స్ అయ్యేది, పూలు మోసే బండి అయ్యేది. సైన్యంలో బండ్లు బాగుచేసి రిటైరయ్యారట. నాకు తెలిసేనాటికే అరవై దాటాయి. మెడ చుట్టూ కాలరు లోపల మడిచిన చేతిరుమాలు, చెవి మీద సుద్దముక్క. ఆ సుద్దతో బండి నేల మీద పాదాలు గీసేవారు. ఏ సీటులో కూర్చున్నవాడి కాళ్లు ఎక్కడ పడతాయో, లేచి అడుగు ఎక్కడ వేస్తాడో, అన్నీ. పని పూర్తికాని వ్యాన్‌లోకి తొంగిచూస్తే, మనుషులు ఇప్పుడే దిగి వెళ్లినట్టు నేలంతా తెల్లటి పాదాలు కనిపించేవి. నాకది ఎప్పుడూ బాగనిపించేది కాదు.

మొదటి రోజు హిందీలోనే మాట్లాడుకున్నాం. మధ్యలో మా అమ్మ ఫోన్ చేస్తే నేను తెలుగులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాను. ఆయన చెవి మీది సుద్ద తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయారు.

"ఏ ఊరు బిడ్డా?"

"సామర్లకోట దగ్గరండీ."

"మాది కరీంనగర్ దిక్కు. తెలుగు ఇనక ఎన్ని దినాలాయె" అన్నారు. అప్పటి నుంచి నేను ఆయన్ను అంకుల్ అన్నాను.

బండి గురించి ఎవరేం అడిగినా ఆయన చెప్పే మాట ఒకటే. "ఎక్కుడు అందరికీ వస్తది. దిగుడు సూడాలె."

తయారైన ప్రతి బండిలోనూ చివరి వరసలో కూర్చుని, పనివాళ్లతో తలుపులన్నీ వేయించుకునేవారు. రెండు కళ్లూ మూసుకునేవారు. లోపల తడుముకునే చప్పుడు వినపడేది. తలుపు తెరుచుకుని ఆయన కిందికి దిగాకే బండి ఇచ్చేవారు. సామాన్లు మాత్రమే మోసే బండ్లకూ వెనక తలుపుకు లోపలి వైపు హ్యాండిల్ పెట్టేవారు. "డబ్బాలు తలుపు తీసుకుంటాయా?" అని కొనేవాళ్లు నవ్వేవాళ్లు. వద్దంటే బండి చెయ్యనని చెప్పేవారు.

మా ఆఫీసు నాలుగో అంతస్తులో. ఆయన ఎప్పుడూ లిఫ్ట్ ఎక్కలేదు. మధ్యలో రెండుచోట్ల ఆగి, చెమటతో పైకొచ్చేవారు. కారులో అద్దం మూయనిచ్చేవారు కాదు. పొగమంచు ముందు బండిని కూడా కనపడనివ్వని రోజుల్లో, అందరం ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంటే, ఆయన మాత్రం అద్దం దించి ఆ పొగలోనే దగ్గుతూ వచ్చేవారు. ఊపిరాడని జబ్బేదో ఉందనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

మా ఇద్దరికీ నిజంగా పరిచయమైంది గొడవతోనే.

ఆరు వ్యాన్లు చేయించాలి. ఒక్కొక్కదానికి పదిహేను సీట్లు, మధ్యలో నడవ, నడవ చివర వెనక తలుపు. అది ఆయన గీసిన ప్లాన్. మా పైఅధికారి ఆ నడవ చివర అడ్డంగా మరో రెండు సీట్లు పెట్టించమన్నాడు. వెనక తలుపు ఎవరు వాడతారు, అనవసరంగా చోటు పోతోంది అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది. మే నెల మధ్యాహ్నం, ఆ మాట చెప్పడానికి వర్క్‌షాప్‌కు వెళ్లాను.

"పెట్టను" అన్నారాయన.

"పక్క తలుపు ఉంది కదా అంకుల్. కిటికీ అద్దం పగలగొట్టడానికి సుత్తి కూడా ఇస్తున్నాం."

"సుత్తి ఏడుంటది?"

"డ్రైవర్ దగ్గరండీ."

"మంచిగుంది. డ్రైవర్ ఎన్క కూసుంటడా?"

నాకు కోపమొచ్చింది. మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారన్నాను. ఆయన రంగు వెయ్యడానికి సిద్ధంగా ఉన్న ఒక వ్యాన్ తలుపు జరిపారు. రంగు పడకుండా కిటికీలన్నిటికీ కాగితాలు అంటించి ఉన్నాయి. "జర చివర కూసో బిడ్డా" అన్నారు. సీటు మెత్తదనం చూపిస్తారేమో అనుకుని వెళ్లి కూర్చున్నాను. తలుపు జారి మూసుకుంది. బయటి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇగ దిగు."

లోపల చీకటి, రెగ్జిన్ వాసన, వేడి. మొదట నవ్వొచ్చింది. లేచాను. తల దేనికో తగిలింది. పక్క తలుపు ఎటువైపుందో తెలుసనే అనుకున్నాను, చెయ్యి మాత్రం సీటు వీపులకే తగిలింది. తలుపు దగ్గరికి చేరాక హ్యాండిల్ దొరికింది. లాగాలో నెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ల అనుభవంలో వందల బండ్ల కాగితాల మీద సంతకం పెట్టాను, ఒక్క తలుపు నా చేత్తో తియ్యలేదని ఆ క్షణంలో తెలిసింది. నన్నెవరూ ఏమీ చెయ్యరని, బయట ఉన్నది తెలిసిన మనిషేనని తెలుసు. అయినా రెండు చేతులతో రేకును బాదడం మొదలుపెట్టాను. "అంకుల్!" అని అరిచాను.

తలుపు వెంటనే తెరుచుకుంది. వెలుగులో ఆయన ముఖం చూసి నా కోపం నోట్లోనే ఆగిపోయింది. లోపల భయపడ్డది నేను, పెదవులు వణుకుతున్నది ఆయనకు. నేను రేకు బాదిన చోటునే చూస్తున్నారు.

"అట్ల కొట్టకు బిడ్డా" అన్నారు. "అట్ల కొట్టకు."

బయట కుర్చీ వేయించి టీ తెప్పించారు. ఆయన తాగలేదు. నేను ప్లాన్ మార్చకుండా సంతకం పెట్టి వచ్చేశాను. ఆఫీసులో ఏదో సర్దిచెప్పాను.

కారణం తెలియడానికి జూలై దాకా పట్టింది.

మొదటి వ్యాన్ తయారయ్యాక రోడ్డు మీద నడిపి చూడటానికి ముగ్గురం బయలుదేరాం, డ్రైవర్, ఆయన, నేను. పొద్దుట కురిసిన వాన ఆగిపోయింది. రైలు పట్టాల కింద నుంచి వెళ్లే దారి దగ్గర చీలమండ లోతు నీళ్లున్నాయి. బండ్లు మామూలుగానే పోతున్నాయి. ఆయన డ్రైవర్ భుజం తట్టి ఆపమన్నారు. దిగి, "భయ్యా, నువ్వు అవతలికి పోయి ఆగు" అని చెప్పి, పట్టాల మీదుగా ఉన్న మెట్ల దారి వైపు నడిచారు. ఏమైందోనని నేనూ దిగి వెంట వెళ్లాను.

పైన రెయిలింగ్ పట్టుకుని ఆగారు. కింద నీళ్లలో మా వ్యాన్ నెమ్మదిగా దూరి, అవతల తేలింది. అప్పటిదాకా ఆయన రెయిలింగ్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"పదారేండ్లయింది" అన్నారు. "క్యాటరింగ్ చేసేటోడు ఒకడొచ్చిండు. సామాన్ల బండి చేసియ్యి అన్నడు. పనోళ్లు లోపట నుంచి తలుపు తీసి గిన్నెలు బయటికి జారేస్తున్నరు, లోపట హ్యాండిల్ ఉండద్దు అన్నడు. నేనే ఇప్పిన. రెండు బోల్టులు, గంతే. ఆ రెండు తూట్లల్ల రబ్బరు బిళ్లలు కొట్టిన. మంచిగ కనవడాలె గద."

నేనూ రెయిలింగ్ పట్టుకున్నాను.

"సామాన్ల బండి అని చేసిన. వాడు గిన్నెలతో పాటు మనుషులను గుడ ఎక్కించిండు. పెండ్లి పని చేసి మర్లొస్తుండ్రు. గిసుంటి దారే. వాన. బండి నీళ్లల్ల ఆగింది. డ్రైవర్ కిటికిల నుంచి ఎల్లిండు. మధ్యల గోడ ఉంటది గద, ఎన్కకు దారి లేదు. ఈదుకుంట ఎన్కకు పోయేసరికి తలుపు నీళ్లల్ల మునిగింది. ఎంత గుంజినా రాలే. ఇద్దరు ఆడోళ్లు బిడ్డా. గిన్నెలు తోమెటోళ్లు."

కింద ఎవరో హారన్ కొట్టారు. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"పోలీసులు బండి సూడు అని పిలిచిండ్రు. నువ్వే చేసినవా అంటే, అవునన్న. కాగితం మీద సంతకం పెట్టు అన్నరు, పెట్టిన. ఎన్క తలుపు తీసి లోపట సూసిన. రేకు మీద అంతట సొట్టలు లేవు. నేను బోల్టులు ఇప్పిన తూట్లు ఉన్నయి సూడు, వాటి సుట్టే. ఏదో ఇనుపదానితోని కొట్టిండ్రు. హ్యాండిల్ యాడుండాల్నో వాళ్లకు ఎరికే. ఒక తూటుల రబ్బరు బిళ్ల లేదు."

లోపల ఉన్నవాళ్లు వేలు పెట్టి నెట్టారన్నమాట. ఆయన ఆ మాట అనలేదు, చూపుడు వేలును మాత్రం రెండో చేత్తో పట్టుకున్నారు.

"ఓనర్‌ను పట్టుకున్నరు. డ్రైవర్‌ను పట్టుకున్నరు. నన్నెవ్వలు అడగలే. హ్యాండిల్ ఏమాయె అని ఒక్కలన్న అడుగుతరని సూసిన. ఇప్పటిదాక ఎవ్వలు అడగలే."

మీ తప్పేముంది అనబోయి ఆగాను. మే నెలలో వెనక తలుపుకు అడ్డంగా రెండు సీట్లు పెట్టమని ఆయన్ను అడిగింది నేను. నాకూ అప్పుడు అదొక చిన్న మార్పులాగే అనిపించింది.

దిగి వస్తుంటే ఆయన ఇంకొక మాట చెప్పారు. జైలు నుంచి వచ్చాక ఆ డ్రైవర్ ఒకసారి కలిశాడట. చనిపోయినవాళ్లలో ఒకామెకు కూతురుందని, ఫరీదాబాద్ అవతల ఫలానా గల్లీలో ఉంటుందని చెప్పాడట. ఆయన మూడుసార్లు ఆ గల్లీ మొదటిదాకా వెళ్లి తిరిగొచ్చారు.

"నువ్వు రా బిడ్డా. పక్కన మనిషుంటే ఎన్కకు మర్లొస్తందుకు సిగ్గయితది."

వస్తానన్నాను. ఆ తర్వాత రెండు నెలలు ఏవో పనులు చెప్పి తప్పించుకున్నాను. ఆ రెండు నెలలూ నాకు నిద్ర సరిగా పట్టలేదు. కాన్ఫరెన్స్ గదిలో కూర్చున్నా, ఢిల్లీ సాకేత్‌లో మాల్ లిఫ్ట్ ఎక్కినా, చేతులు తమంతట తామే గోడను తడిమేవి. చివరికి అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున నేనే ఫోన్ చేసి వెళ్దామన్నాను.

గల్లీ ఇరుకు. రెండు పక్కలా రంగు లేని ఇటుక గదులు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. గల్లీ మొదట్లో ఆగి నా వైపు చూశారు. నేను ఆగలేదు, ముందుకు నడిచాను. వెనక ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

గుమ్మంలోనే కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చుని ఉంది ఆ అమ్మాయి. ముప్పైకి దగ్గర్లో ఉంటుంది. రెండు వైపులా కుట్టాల్సిన బట్టల కుప్పలు. ఎవరు కావాలని హిందీలో అడిగింది. మీ అమ్మగారి గురించి మాట్లాడాలని నేనన్నాను. మిషన్ మీద కాలు ఆగింది. లేచి, బట్టలు పక్కకు జరిపి, మమ్మల్ని కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

నిలబడే చెప్పారు. సైన్యంలో నేర్చుకున్న హిందీలో, పై అధికారికి చెప్పుకున్నట్టు, చేతులు పక్కకు పెట్టుకుని. ఆ బండి నేను చేశాను. లోపలి హ్యాండిల్ నేను తీసేశాను. అది ఉంటే మీ అమ్మ బతికేది. తలుపు మీద లోపలి నుంచి కొట్టిన సొట్టలు ఉన్నాయి. అంతే చెప్పి తల దించుకున్నారు. తిడుతుంది, ఏడుస్తుంది, ఎందుకు తీసేశావని అడుగుతుంది, పదహారేళ్లుగా ఆయన ఎదురుచూస్తున్న ప్రశ్న ఇప్పుడు వస్తుంది అనుకున్నాను.

ఆమె పక్కకు జరిపిన బట్టల కుప్పను మళ్లీ సర్దింది. తర్వాత అడిగింది.

"తలుపు మీద సొట్టలు మీరు కళ్లతో చూశారా?"

"చూశాను. ఇనుప వస్తువుతో కొట్టినవి."

"గరిటె" అంది ఆమె. "అమ్మను బయటికి తీసినప్పుడు చేతిలో గరిటె ఉంది. పెద్దది, వంటలకు వాడేది. వేళ్లు విడదియ్యడానికి రాలేదట. ఆ యజమాని మనుషులు వచ్చి, చచ్చేటప్పుడు కూడా దొంగసొత్తు వదల్లేదు అన్నారు. బస్తీ అంతా అదే అంది. నాకప్పుడు పన్నెండేళ్లు. దొంగదాని కూతురు అని బడిలో పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు, బడి మానేశాను. మా నాన్న కూడా నమ్మాడు ఆంటీ." చివరి మాట నాతో అంది. "ఆయన పోయేదాకా అమ్మ ఫోటో గోడకు పెట్టనివ్వలేదు. నేనూ నమ్మాను."

ఆయన తల ఎత్తారు. సొట్టల సంగతి ఆయనకు తెలుసు, గరిటె సంగతి తెలియదు. ఆమెకు గరిటె సంగతి తెలుసు, సొట్టల సంగతి ఇవాళ్టిదాకా తెలియదు. రెండూ ఒక్కచోట చేరడానికి పదహారేళ్లు పట్టింది.

"దొంగతనం కాదమ్మా" అన్నారాయన హిందీలో. "ఆమె తలుపు పగలగొట్టాలని చూసింది. దాంతోనే. హ్యాండిల్ ఉండాల్సిన చోటే కొట్టింది. ఇంకొంచెం టైముంటే పగిలేది. ఆ రేకు సంగతి నాకు తెలుసు."

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

ఆయన సిద్ధపడి వచ్చిన ప్రశ్న ఇది కాదు. ఆమె జవాబు కోసం ఆగింది. పక్కింట్లో కుక్కర్ కూత పెట్టి ఆగింది. ఆయన అలాగే నిలబడ్డారు.

ఆమె లోపలికెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఒకటే గ్లాసు. నాకిచ్చింది. నేను పట్టుకుని కూర్చున్నాను.

"తాగు బిడ్డా" అన్నారాయన తెలుగులో, నెమ్మదిగా. "ఇచ్చినప్పుడు తాగాలె."

తాగాను.

ఆమె కుట్టుమిషన్ సొరుగులోంచి రూళ్ల నోట్‌బుక్ తీసి ఒక కాగితం చించింది. కొలతలు రాసుకునే పెన్ను దాని మీద పెట్టి ఆయన వైపు జరిపింది.

"ఇప్పుడు చెప్పింది రాసివ్వండి. మా అమ్మ దొంగ కాదని రాయండి."

నేను రాస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆయన చేత్తోనే."

ఆయన అప్పుడు కూర్చున్నారు. మిషన్ బల్ల మీద కాగితం పెట్టుకుని, హిందీ అక్షరాలు ఒక్కొక్కటే పేర్చుతూ రాశారు. బండి తను చేసినట్టు. హ్యాండిల్ తను తీసినట్టు. సొట్టలు తను చూసినట్టు. చివరి వాక్యం మొదలుపెట్టి ఆగిపోయారు. పెన్ను కాగితానికి ఆనించి అలాగే ఉండిపోయారు. నా వైపు చూశారు. నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్లు ఆ తల్లి చావును మోసిన మనిషికి ఆమె పేరు తెలియదు.

"అమ్మ పేరు?" అని నేనే అడిగాను.

"ఫూల్‌మతి."

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నారాయన.

"ఫూల్‌మతి" అంది ఆమె, ఈసారి గట్టిగా, గల్లీలోకి వినపడేలా.

రాసి, కింద సంతకం పెట్టి, కాగితం రెండు చేతులతో అందించారు. ఆమె నిలబడే చదివింది, మొదటి నుంచి చివరిదాకా, పెదవులు కదుపుతూ. పేరు దగ్గర ఆగింది. కాగితం మళ్లీ బల్ల మీద పెట్టి, మొదటి అక్షరం తప్పు రాశారని వేలితో చూపించింది.

ఆయన దిద్దారు.